కొంగ నోట్లో మిడత

శుక్రవారం పొద్దున లుబోవా వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగాలి, కొంగ ఫోటో అంచులు కత్తిరించాలి, ప్రింటు షాపుకి పంపాలి, భోజనం వేళకి దమాలిని కలవాలి. ఇందులో కొంప మునిగే పని ఒక్కటీ లేదని ఎవరైనా ఒప్పుకుంటారు. టీ తాగడం వరకూ అంతా సవ్యంగానే జరిగింది.

ఆ ఫోటో అంటే అతనికి ప్రాణం. నవంబరు వానలు పట్టిన కొత్తలో, విక్టోరియా సరస్సు ఒడ్డున పడవల రేవు పక్కనున్న చిత్తడిలో, మోకాలి లోతు బురదలో నిలబడి తీశాడు. కిరీటకొంగ. నెత్తిమీద బంగారు పుల్లలు గుచ్చినట్టున్న కిరీటం, గొంతు కింద ఎర్రటి తిత్తి, కంట్లో చిన్న వెలుగు చుక్క, ముక్కు కొసన అప్పుడే పట్టిన పురుగు. ఇంటికొచ్చి దాన్ని చూసుకుంటూ తనలో తాను నవ్వుకుంటుంటే, పెళ్ళి కుదిరిన సంతోషం కాబోలనుకున్నారు పక్క వాటావాళ్ళు. ఆ సంతోషమూ లేకపోలేదు.

బుగాండాలో పుట్టిన ప్రతివాడికీ ఒక గోత్రం, గోత్రానికో ప్రాణి ఉంటాయి. ఆ ప్రాణిని తినకూడదు, కొట్టకూడదు, ఎవరైనా చులకన చేస్తే ఊరుకోకూడదు. లుబోవాది కిరీటకొంగ గోత్రం. గోత్రాల ఫుట్‌బాల్ పోటీల్లో శనివారం వాళ్ళ ఆట. గోలు వెనక కట్టడానికి కొంగ బొమ్మతో పెద్ద గుడ్డ బ్యానరు కావాలని గోత్రపెద్ద ఎరియాబు తాత పురమాయించాడు. తాత మాట కాదనే ఉద్దేశం లుబోవాకి ఎప్పుడూ లేదు, ఈ వారం అసలే లేదు. వచ్చే ఆదివారం క్వంజుల. అబ్బాయి తరఫు పెద్దలు అమ్మాయి ఇంటికి వెళ్ళి నలుగురి ముందూ పిల్లనడిగే వేడుక. ముందు నడవడానికి తాత లేకపోతే వాళ్ళు గేటు తియ్యరు. గేటు తియ్యకపోతే దమాలి లేదు.

చిక్కల్లా ఒక్కటే. బ్యానరు అడ్డంగా పొడుగు, కొంగ నిలువుగా పొడుగు. ఎక్కడో ఒకచోట కొయ్యక తప్పదు. కొయ్యడమంటే లుబోవాకి చెయ్యి ముందు, ఆలోచన తరవాత. ఫోటోలో అనవసరమైనది వేలెడంత కూడా ఉండకూడదని అతని పట్టుదల. అంచుల్లో ఏముందో చూడటం కూడా దండగ, అంచులున్నదే కొయ్యడానికి. పెళ్ళిళ్ళకి ఫోటోలు తీసే రోజుల్లో కూర్పు కుదరాలని పెళ్ళికొడుకు బాబాయిల్ని ఇద్దరిని కోసేసి, మూడో ఆయన్ని చెవిదాకా ఉంచాడు. ఆ తరవాత అతన్ని పెళ్ళిళ్ళకి పిలిచినవాళ్ళు లేరు. "నువ్వు పక్షుల్నే తీసుకో. వాటికి బంధువుల పట్టింపుల్లేవు," అని దమాలి సలహా చెప్పింది.

ఆ పొద్దున కూడా ధైర్యంగానే కోశాడు. రొమ్ము దగ్గర్నించి పైకి: కిరీటం, కన్ను, ముక్కు, ముక్కు ముందు కాస్త ఖాళీ. పక్షి ఎటు చూస్తోందో అటు చోటు వదలాలి, లేకపోతే దానికి ఊపిరాడనట్టు ఉంటుంది. ఫోటో కూర్పు సూత్రం చెప్పినట్టే కన్ను సరిగ్గా బొమ్మలో మూడో వంతు మీద పడింది. లుబోవాకి ఒళ్ళు పులకరించింది. వెంటనే తాతకి పంపాడు. తాత దాన్ని వెంటనే గోత్రం వాట్సాప్ గ్రూపులో పెట్టేసి, ఆ తరవాత కళ్ళజోడు పెట్టుకుని చూశాడు.

"ఒరేయ్ లుబోవా, కాళ్ళేవిరా?" అన్నాడు ఫోను చేసి.

"ఏ కాళ్ళు తాతా?"

"కొంగకుండే కాళ్ళు. రెండుంటాయి, నా చిన్నప్పట్నించీ చూస్తున్నా."

"ఇది దగ్గరి బొమ్మ తాతా. చూసేవాళ్ళ చూపంతా ముఖం మీదే నిలవాలని..."

"రేపు మనవాళ్ళు ఆడేది చదరంగం కాదురా, ఫుట్‌బాలు. మన కొంగ కాళ్ళు నరికేసి, దాన్ని మన గోలు వెనకే నిలబెడతానంటావేంటి?"

లుబోవా జవాబు వెతుక్కునేలోపే గ్రూపు అంటుకుంది. స్నానాలగదిలోంచి వస్తుంటే మన ముందువరస ఆటగాడి మడమ బెణికిందట. ఆ బొమ్మ చూసిన దగ్గర్నించీ తన మోకాలు లాగుతోందని గోల్‌కీపరు రాశాడు. అతని మోకాలు నాలుగేళ్ళుగా లాగుతూనే ఉంది గానీ, ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఆ పైన ఎవరో పెద్దమనిషి అసలు ప్రశ్న అడిగాడు: ఈ లుబోవాకి పిల్లనిస్తున్నది ఎవరు? మిడత గోత్రం వాళ్ళు. రేపు మనతో ఆడేది ఎవరు? మిడత గోత్రం వాళ్ళు. అల్లుడి చేత అత్తవారే కాళ్ళు కోయించారని పావుగంటలో తేలిపోయింది.

"నేను నమ్మననుకో," అన్నాడు తాత రెండోసారి ఫోను చేసి. "కానీ నమ్మేవాళ్ళని తప్పు పట్టలేను. సాయంత్రంలోగా కొంగకి కాళ్ళు రాకపోతే, ఆదివారం నీ ముందు నడవడానికి నా కాళ్ళూ రావు."

లుబోవా తలకిందులైపోయి కొంగని నిలువెత్తున కోసి పంపాడు. ఈసారి కాళ్ళు వచ్చాయి గానీ గుడ్డకి అటూ ఇటూ బోసిగా మిగిలింది. "అడ్డంగా పడుకోబెట్టు, సరిగ్గా పడుతుంది," అన్నాడు తాత.

"పడుకోబెడితే చచ్చిన కొంగలా ఉంటుంది తాతా."

"అయితే వద్దులే," అని తాత ఒక్క క్షణం ఆగాడు. "చచ్చిన కొంగ సంగతి గ్రూపులో అనకు."

ఇక గత్యంతరం లేక లుబోవా జీవితంలో మొదటిసారి ఏమీ కొయ్యకుండా ఫోటో మొత్తం పంపాడు. కుడివైపు మూడో వంతులో కొంగ ఠీవిగా రెండు కాళ్ళ మీద నిలబడి ఉంది. దాని చూపు ముందు ఎడమ అంచుదాకా పచ్చగడ్డి, గడ్డి వెనక రేవు. పంపేముందు తెరమీద పెద్దది చేసి చూసుకున్నాడు. ఇంత చోటిస్తే పక్షికి ఇంత దర్జా వస్తుందని తనకి ఇన్నాళ్ళూ తెలియలేదు. తాత కూడా మురిసిపోయాడు. "ఇదిరా కొంగంటే. రెండు కాళ్ళూ ఉన్నాయి." గ్రూపు చల్లబడింది. ముందువరస ఆటగాడి మడమ వాపు కూడా తగ్గిందని కబురొచ్చింది. లుబోవా గాల్లో తేలుతూ ఫోటోని ప్రింటు షాపు బెస్వేరికి పంపేసి, దమాలి దగ్గరికి వెళ్ళాడు.

దమాలి బడిలో పాఠాలు చెబుతుంది. ఏ కాయితం చేతికిచ్చినా ముందు తప్పులు వెతకడం ఆమెకి వృత్తిలో వచ్చిన అలవాటు. రోడ్డు పక్క పాకలో ఉడికిన అరటికాయ ముద్ద, వేరుశెనగ పులుసు ముందు పెట్టుకుని కూర్చున్నారు. లుబోవా ఫోను ఆమె చేతికిచ్చి, కాంతి గురించి, చూపు ముందు వదలాల్సిన చోటు గురించి ఊపిరి తీసుకోకుండా చెబుతున్నాడు. ఆమె రెండు వేళ్ళతో ఫోటోని సాగదీసింది.

"దీని నోట్లో ఏంటిది?"

"మిడత. అప్పుడే పట్టింది. అసలందం అదే."

"మా గోత్రం ఏంటి?"

లుబోవా చేతిలో ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయింది. నవంబరు నించీ ఆ ఫోటోని వందసార్లు చూసుంటాడు, వందసార్లూ అతనికి కనిపించింది వెలుగే. కొంగ గోత్రం వాళ్ళ కొంగ మిడత గోత్రం వాళ్ళ మిడతని మింగుతోంది, అదీ ఆ రెండు గోత్రాలూ ఆడుకునే మైదానంలో, గోలు వెనక.

"రేపు ఎదురు వరసలో మా నాన్న కూర్చుంటాడు," అంది దమాలి. "పక్కన మా మేనత్త కూర్చుంటుంది. మా నాన్ననైతే ఏదో చెప్పి ఒప్పిస్తాను."

మేనత్త పెరుసి సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ఆడవాళ్ళ పట్టు గౌన్లు కుట్టే దుకాణం ఆవిడది. మేనకోడలి పెళ్ళిలో అబ్బాయిని ఒప్పుకునేదీ, గేటు దగ్గర్నించే తిప్పి పంపేదీ మేనత్తే. నవంబరులో దేశమంతా వేయించిన మిడతల పొట్లాలు పట్టుకుని తిరుగుతుంటే, తమ గోత్రం వాళ్ళు ఆ వాసన కూడా పీల్చకూడదని ఆవిడ పట్టింపు. పొట్లంతో వచ్చిన ఖాతాదార్లని బయట నిలబెట్టి, తిని, చేతులు కడుక్కున్నాకే లోపలికి రానిస్తుంది.

"దాన్ని చెరిపెయ్," అంది దమాలి. "ఫోన్లో అందరూ చేస్తున్నారుగా."

"చెరపను. కొయ్యడం వేరు, చెరపడం వేరు. కొయ్యడమంటే ఒక సంగతి చెప్పకుండా ఊరుకోవడం. చెరపడమంటే అబద్ధమాడటం."

"ఆ తేడా ఏదో మా అత్తకి నువ్వే చెప్పు."

"పోనీ ముక్కు దగ్గర కోసేస్తే..." అని లుబోవా తనే ఆగిపోయాడు. "కాళ్ళకే అంత గొడవ చేశారు. ముక్కు కోస్తే నన్నే కోస్తారు."

ఫోటో మొత్తం కనిపించేలా పెడితే మిడత నువ్వుగింజంత ఉంది. పోనీలే, ఎవరి కంట పడుతుంది అనుకున్నారు. ఫోన్లో నువ్వుగింజంత ఉన్నది అంత పెద్ద గుడ్డమీద ఎంతవుతుందో లెక్కల పాఠం చెప్పే దమాలికైనా తట్టలేదు.

గుడ్డమీద అది మూరెడైంది. శనివారం పొద్దున బెస్వేరి తన పనితనానికి తనే ముగ్ధుడై, రంగు ఆరడానికని బ్యానరుని దుకాణం మేడమీంచి వీధిలోకి వేలాడదీశాడు. బజారుకి వెళ్ళేవాళ్ళంతా ఆగి చూశారు. రెక్కలూ మీసాలూ ఉన్న ఆకుపచ్చ మిడత, ముళ్ళకాళ్ళతో సహా, కొంగ ముక్కులో గిలగిల్లాడుతోంది. అందరి చూపూ దానిమీదే.

ముందు తాత ఫోను వచ్చింది. "ఒరేయ్ మనవడా, ఇంత గుండె ధైర్యం ఉన్నవాడివని నాకు తెలీదు. మిడతని మింగిస్తావా? అదీ అత్తవారి మిడతని?"

"తాతా, నేను కావాలని..."

"నిన్న నిన్ను అనుమానించిన ప్రతి ఒక్కడి చేతా గ్రూపులో క్షమాపణ రాయిస్తున్నాను. ఇప్పుడే డప్పులతో వచ్చి బ్యానరు ఊరేగిస్తూ తీసుకెళ్తాం. నువ్వూ షాపుకి రా."

నిన్న ద్రోహి అన్న నోళ్ళే ఇవాళ అతన్ని నెత్తిన పెట్టుకున్నాయి. లుబోవా బిక్కచచ్చిపోయి ప్రింటు షాపుకి పరిగెత్తాడు. ఎలాగైనా బ్యానరు కిందికి దించాలని అతని ఆత్రం. దించగానే బెస్వేరి దాన్ని చుట్ట చుట్టాడు. చుట్టడం అయ్యీ అవకముందే గుమ్మం ముందు మోటారు సైకిలు టాక్సీ ఆగింది. వెనక సీటు మీద పక్కకి తిరిగి కూర్చుని, భుజాన కుట్టుపని సంచీతో, పెరుసి. ఆవిడ వెనకే ఇంకో టాక్సీలో దమాలి. దమాలి ముఖం చూస్తే దారిపొడుగునా ఏడ్చినట్టుంది.

"పరువు పిల్లని తీసుకెళ్ళేవాళ్ళకే గానీ, ఇచ్చేవాళ్ళకి ఉండదనుకున్నావా?" అంది పెరుసి గుమ్మంలోంచే. "పిల్లనిస్తామంటే ఊరి మధ్యన మమ్మల్ని కొంగకి మేత వేస్తావా?"

"అత్తగారూ, అది పక్షి. దానికి గోత్రాలు తెలీవు."

"దానికి తెలీదు. నీకు తెలుసుగా. పరవండి. వినడం కాదు, నా కళ్ళతో నేను చూడాలి. చూశాక ఆదివారం సంగతి చెబుతాను."

బెస్వేరి వణుకుతూ చుట్టని నేలమీద పెట్టి కుడి కొసనించి విప్పడం మొదలెట్టాడు. ముందు కొంగ తోక వచ్చింది, కాళ్ళు వచ్చాయి, కిరీటం వచ్చింది, మిడత వచ్చింది. పెరుసి గుడ్డ పక్కనే నడుస్తూ తిట్టడం మొదలెట్టింది. ఆవిడ తాతముత్తాతల పేర్లన్నీ వరసగా చెబుతూ, వాళ్ళలో ఒక్కరైనా ఇలాంటి అవమానం పడ్డారేమో చెప్పమంటోంది. చుట్ట విప్పుకుంటూ పోతోంది. పచ్చగడ్డి. ఇంకా పచ్చగడ్డి. రేవులో ఒక పడవ. "ఆదివారం మీరెవరూ మా గేటు ఛాయలకి కూడా..." అంటూ ఆవిడ చివరికొసకి చేరింది. మాట అక్కడ ఆగిపోయింది.

లుబోవా ఎడమ అంచుని పట్టి చూడటం అదే మొదలు. రేవు దగ్గర అమ్మకాల బల్ల, దానిమీద పళ్ళెంలో గుట్టగా వేయించిన మిడతలు. బల్ల ముందు ఊదారంగు గౌనుమీద పసుప్పచ్చ పూలు, నడుముకి వెడల్పు పట్టీ కట్టిన ఒక నిండైన మనిషి. ఎడమచేతిలో కాయితం పొట్లం. కుడిచెయ్యి పెదాల దగ్గర. తల వెనక్కి వాల్చి, కళ్ళు అరమూసి, ఎంతో తృప్తిగా నోట్లో వేసుకుంటోంది. కాస్త మసగ్గానే ఉంది. కానీ గౌనుకి అలా నిక్కిన భుజాలు కుట్టే చెయ్యి ఎంటెబ్బే ఊరు మొత్తానికి ఒక్కటే, అది ఇప్పుడు అతని పక్కనే నిలబడి ఉంది.

లుబోవా పైకప్పు వంక చూశాడు. బెస్వేరి తన చెప్పుల వంక చూశాడు. దమాలి మాత్రం బొమ్మకేసి, అత్తకేసి మార్చి మార్చి చూసి, "అత్తా, ఆ గౌను..." అంది.

"నోరుముయ్," అంది పెరుసి. బెస్వేరి వైపు తిరిగి, "మీ ఆవిడ పండగ గౌను నా దగ్గరే ఉంది, గుర్తుందా?" అంది.

"గుర్తుందమ్మా. నాకసలు దూరపు చూపు ఆనదు," అన్నాడు బెస్వేరి.

సరిగ్గా అప్పుడే వీధిలో డప్పులు వినిపించాయి. ఎరియాబు తాత చేతికర్ర ఊపుకుంటూ, వెనక ఆటగాళ్ళతో లోపలికి వచ్చేశాడు. పెరుసికి ఉన్నది ఒక్కటే దారి. పెద్దలు ఎదురైనప్పుడు ఆడవాళ్ళు మోకరిల్లి పలకరించడం అక్కడి మర్యాద. ఆవిడ చటుక్కున మోకాళ్ళమీద కూర్చుంది. గుడ్డ చివరికొసమీద, సరిగ్గా తనమీద తను, గౌను చుట్టూ పరుచుకునేలా.

"బాగా తెల్లారిందా తాతా?" అంది నెమ్మదిగా.

తాత ఉలిక్కిపడ్డాడు. ఈవిడ కత్తులు నూరుతుందని అనుకుని వచ్చాడాయన. "తెల్లారిందమ్మా. మీకెలా ఉంది?"

"బాగుంది తాతా. ఇంట్లో అందరూ?"

పలకరింపు అయ్యాక లేవాలి. ఆవిడ లేవలేదు. తాత భార్య నడుంనొప్పి అడిగింది, కొడుకుల్ని అడిగింది, కోడళ్ళని అడిగింది, అరటితోట సంగతి అడిగింది, ఈనిన ఆవుని అడిగింది. సిమెంటు నేలమీద మోకాళ్ళు నొప్పెడుతున్నట్టు ముఖంలో తెలిసిపోతోంది, అయినా కదల్లేదు. ఆటగాళ్ళు డప్పులు ఆపేశారు. మిడత గోత్రంలోకెల్లా గట్టి మనిషి తమ కొంగ బొమ్మ ముందు అలా మోకరిల్లి ఉండటం చూసి తాత కళ్ళు చెమర్చాయి. అవమానం చేయొద్దని ఆవిడ ఇంతకన్నా ఎలా వేడుకుంటుంది అనుకున్నాడు.

"లే తల్లీ," అన్నాడు. "నాకర్థమైంది. ఆటలు ఇవాళుంటాయి, రేపు పోతాయి. చుట్టరికం నిలవాలి. ఆ మిడతని ఇప్పుడే కత్తిరించి పారేయిస్తాను. కొంగ ముక్కు పోతే పోయింది."

"వద్దు తాతా, వద్దు," అంది పెరుసి కంగారుగా. "పక్షన్నాక పురుగు తినదూ? ఎవరి నోట్లో ఏముందో మనకెందుకు? దాని తిండి దాన్ని తిననివ్వండి."

కొంగ గోత్రం వాళ్ళు ముఖముఖాలు చూసుకున్నారు. ఇంత పెద్దమనసు వాళ్ళెక్కడా చూడలేదు.

"కాకపోతే ఈ చివర గడ్డి దండగ," అంటూ ఆవిడ కూర్చున్నచోటే సంచీలోంచి కుట్టుకత్తెర తీసింది. "గాలికి ఇదే ముందు చినుగుతుంది. కత్తిరించి మడిచి కుడితే గట్టిగా ఉంటుంది."

చూపు ముందు చోటు అని లుబోవా నోరు తెరిచాడు. దమాలి అతని కాలు గట్టిగా తొక్కింది. పెరుసి మోకాళ్ళమీదే వెనక్కి జరుగుతూ, కత్తిరించిన ముక్కని గౌను కిందికి మడుస్తూ, జాగ్రత్తకోసం పడవదాకా, పడవ దాటి ఇంకా ఇవతలిదాకా కోసేసింది. సగం గడ్డి పోయింది. మూడో వంతులో దర్జాగా నిలబడ్డ కొంగ ఇప్పుడు ఉత్త బ్యాడ్జీ మీద బొమ్మలా నడిమధ్యకి వచ్చి పడింది.

"ఇప్పుడు సరిగ్గా మధ్యకొచ్చింది," అన్నాడు తాత సంబరంగా. "మొదటే ఇలా చెయ్యాల్సిందిరా నువ్వు."

వాళ్ళు డప్పులతో బ్యానరు మోసుకుని వెళ్ళిపోయాక, లుబోవా గొంతు సవరించుకుని, "అత్తగారూ, ఆదివారం గేటు..." అన్నాడు.

"పెందలాడే రండి," అంది పెరుసి సంచీ సర్దుకుంటూ. "దారిలో ఎక్కడా ఆగి ఫోటోలు తియ్యకండి."

ఆట ఒకటి ఒకటితో సమమైంది. బ్యానరు చూసి మిడత గోత్రం వైపు గొణుగుడు మొదలైతే, పెరుసి లేచి నిలబడి ఒక్కసారి వెనక్కి చూసింది, అంతే. ఆదివారం తాత ముందు నడిచాడు, గేటు తెరుచుకుంది, అబ్బాయి ఎలాంటివాడని నలుగురిలో అడిగినప్పుడు, మాట పైకి పొక్కనివ్వని బుద్ధిమంతుడని పెరుసి చెప్పింది. దమాలి తల వంచుకుని నవ్వు ఆపుకుంటుంటే సిగ్గనుకున్నారు. లుబోవాకి ఆ రోజంతా కాళ్ళు నేలమీద ఆనలేదు.

తరవాత ఒకరోజు దమాలి గౌను తేవడానికి లుబోవా పెరుసి దుకాణానికి వెళ్ళాడు. కుట్టుమిషను పైన గోడకి కొత్త ఫ్రేము ఉంది. లోపల కాస్త మసకబారిన గుడ్డబొమ్మ. ఊదారంగు గౌను భుజాలు, ఆకాశంకేసి ఎత్తిన ముఖం, అరమూసిన కళ్ళు, పెదాల దగ్గర వేళ్ళు. పొట్లం లేదు, బల్ల లేదు, పళ్ళెం లేదు.

"ఎంత భక్తో చూడండి," అంటోంది ఒక ఖాతాదారు.

"ప్రార్థనలో ఉన్నాను, నాకు తెలీకుండా తీశాడు మా అల్లుడు," అంది పెరుసి మిషను తొక్కుతూనే.

లుబోవా ఫ్రేము దగ్గరికెళ్ళి నాలుగంచులూ పట్టి పట్టి చూశాడు. తనైనా సరిగ్గా అక్కడే కోసేవాడు.